జోడులేని మేజోడు

టాలిన్‌లో నవంబరు. మూడున్నరకే చీకటి.
ఒకప్పటి వెన్న గిడ్డంగిలో, రెండు దీపాల కింద
నా బొమ్మ మంచం అంచున కూర్చుని ఉంది.
జానెడు బొమ్మ. తీగ ఎముకలు, ఉన్ని ఒళ్ళు.
చేతిలో ఒక మేజోడు.
తొడుక్కోవాలి. తొడుక్కోవడం లేదు.
కథంతా అంతే.

నిర్మాత ఊర్మస్ వచ్చి, కోటు విప్పకుండానే చూశాడు.
"ఏమీ జరగడం లేదేం?"
"అదే జరుగుతోంది," అన్నాను.
"గోడ మీద ఒక నల్లటి నీడ పాకించు.
వాన పెట్టు. కాకుల్ని పెట్టు.
లోపల ఏముందో జనానికి తెలియాలిగా."

లోపల ఏముందో.
మా తమ్ముడు టార్వో పదకొండు వారాలు
వంటింటి కుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నప్పుడు
నేనూ వెతికాను. నీడలేమీ దొరకలేదు.
టీ మీద తెట్టు కట్టి ఉంది.
చించని కవర్లలో కరెంటు బిల్లులున్నాయి.
రొట్టె తిన్నావా అంటే తిన్నాననేవాడు,
కత్తి పడని రొట్టె మా ఇద్దరి మధ్యే ఉండేది.

పక్క ఫ్లోరులో టీవీ సీరియల్ తీస్తున్నారు.
రోజుకు మూడుసార్లు గోడ అవతల అద్దం పగులుతుంది.
ఎనెలి అని, ఆ వేషం కట్టే పిల్ల, మంచిది,
విరబోసిన జుట్టు ముడేసుకుని బఠానీ సూపు తాగుతూ
అడిగింది ఒకరోజు:
"నిజంగా మతి చెదిరినవాళ్ళు ఎలా నవ్వుతారు?"
"మర్యాదగా," అన్నాను.
"పోస్టుమాన్ వస్తే నువ్వు నవ్వినట్టే."
చెంచా కింద పెట్టి చాలాసేపు చూసింది.
మధ్యాహ్నం అద్దం మామూలుగానే పగిలింది.
ఏం చేస్తుంది, రాసినవాడు వేరు.

టార్వో ఆ సీరియల్ చూసేవాడు, శబ్దం తీసేసి.
ఆ చలికాలం మొత్తంలో తనంతట తాను అన్న మాట ఒక్కటే:
"అద్దం పగలగొట్టాలంటే ముందు లేవాలి కదా."
నాకు నవ్వొచ్చింది. నవ్వాను.
వాడూ నవ్వాడు.
నవ్వాడనే అనుకుంటున్నాను.

మా పనిలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది.
బొమ్మను కదపకుండా వదిలేస్తే
తెర మీద అది కూర్చున్న మనిషి కాదు, వస్తువు.
సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములూ ఒక్కలాగే ఉంటే
చూసే కన్ను, ఇందులో ప్రాణం లేదని, లేచి వెళ్ళిపోతుంది.
కదలని మనిషిని చూపించాలంటే
కదపాలి, వెంట్రుకవాసి.
ఛాతీ దగ్గర ఉన్నిని సూదితో నూలుపోగంత పైకి.
ఫోటో. మళ్ళీ కిందికి. ఫోటో.
నువ్వుగింజంత మైనపు రెప్ప మార్చడం.
మేజోడు మీద బొటనవేలు కాస్త సడలించి
తిరిగి బిగించడం.
ఏడు నిమిషాల కదలకపోవడానికి
పదివేల ఎనభైసార్లు తాకాను.

వాణ్ణి?
ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని.
సూపు గిన్నె పెట్టి, కిటికీ తెరిచి, వచ్చేసేదాన్ని.
ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ నడుమ ఆరు రోజులు.
ఆ ఆరు రోజులూ వాడు ఊపిరి ఎలా తీశాడో
నా దగ్గర ఒక్క బొమ్మ లేదు.

ఇప్పుడు కోప్లి ట్రాము డిపోలో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు.
మొన్న స్టూడియోకి వచ్చాడు, వేళ్ళకు గ్రీజు వాసనతో.
వంగి, బొమ్మ ముఖానికి ముఖం పెట్టి చూశాడు.
"ఎడమకాలిదా, కుడికాలిదా?"
"మేజోడుకి ఎడమా కుడీ ఏమిటి?"
"అదే," అన్నాడు. "నేనక్కడే ఆగిపోయేవాణ్ణి."

తాకనా అని అడిగాడు. ఒక్క ఫ్రేము, అన్నాను.
మోటు చెయ్యి. గట్టిగానే నొక్కాడు.

చివర్లోనైనా తొడుక్కుంటాడా అని ఊర్మస్ బెంగ.
ఈ సినిమాలో కాదు, అన్నాను.
నాలుగో నిమిషంలో ఒకచోట బొమ్మ
ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడుతుంది,
అది తప్పు, తీసెయ్ అన్నాడు.
తియ్యలేదు.